కొత్త పెట్టె, పాత ముక్క

సత్యవాణి మెట్లెక్కి వచ్చేసరికి బాలశౌరి దగ్గర పనిచేసే కృష్ణప్రియ కూలర్‌లో నీళ్ళు పోస్తోంది. భిలాయ్ పవర్ హౌస్ బజారులో మిఠాయి దుకాణం పైన ఒకే ఒక్క గది అది. తలుపు మీద బాలశౌరి పేరు, కింద ప్రైవేటు పరిశోధన అన్న మాట, తెలుగులోనూ హిందీలోనూ రాసి ఉంటాయి. ఆ తలుపు తట్టేవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళి సంబంధాలకు వాకబు చేయమని వచ్చేవాళ్ళే. ఈవిడ అందుకు రాలేదని, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి లోపలికి రావడంలోనే తెలిసిపోయింది.

"బాబూ, రేపు మా ఆయన మీద కేసు రాసేస్తారట. మీరే ఏదో ఒకటి సెయ్యాల."

బాలశౌరి కుర్చీ చూపించాడు. ఆయన ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్లను పరీక్షించేవాడు. ఆ ఉద్యోగంలో అబద్ధాలు వినీ వినీ, ఇప్పుడు ఎవరైనా నిజం చెబితే ముందు అనుమానిస్తాడు, తరవాత ఆశ్చర్యపోతాడు. ఆయన కన్ను ఎక్కడ ఆగితే అక్కడ ఏదో ఉంటుందని కృష్ణప్రియ నమ్మకం. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అంటే "పని చూడు" అంటాడు.

"నీళ్ళు తాగండి. మీ ఆయన ఏం చేశాడు?"

"ఏటీ సెయ్యలేదు బాబూ. అదే గదా మా కరమ."

ఆవిడ చెప్పింది ఇదీ. భర్త నూకరాజుకు సుపేలాలో కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. మూడు వారాల కిందట సెక్టర్ 7 గణపతిరావుగారి కారుకు ఎడమ ముందు చక్రం దగ్గర టై రాడ్ ఎండ్ మార్చాడు. స్టీరింగు ఎటు తిప్పితే చక్రాన్ని అటు లాగే కడ్డీకి చివర ఉండే ముక్క అది. ఆ కారులో గణపతిరావుగారి కొడుకు మనోజ్‌కుమార్ రోజూ రాయపూర్ ఉద్యోగానికి వెళ్ళివస్తాడు. మొన్న సోమవారం కుమ్హారి దగ్గర ఆ ముక్క ఊడి, చక్రం అడ్డం తిరిగి, కారు డివైడర్‌ను కొట్టుకుంది. మనోజ్ కాలు నుజ్జయింది. ఇక మీదట నడక మునుపటిలా ఉండదన్నారు డాక్టర్లు. నూకరాజు నకిలీ ముక్క వేశాడని గణపతిరావు ఠాణాలో ఫిర్యాదు చేశాడు. మనోజ్ స్నేహితులు వచ్చి షెడ్డుకు తాళం వేసి పోయారు.

"వేశాడా?" అన్నాడు బాలశౌరి.

"ఏటి?"

"నకిలీది."

సత్యవాణి ముఖం ఎర్రబడింది. "గణపతిరావు బాబాయిదీ మాదీ టెక్కలి పక్కే. సొంత మనుషులకి అలగ సేత్తారేటి ఎవులైనా?"

"సొంతవాళ్ళకే చేస్తారు. పరాయివాళ్ళు చూసి తీసుకుంటారు."

"అలగయితే నాను ఎల్లొత్తాను." ఆవిడ లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా. అడిగాను, అంతే. అడిగితే కోపం రానివాళ్ళతోనే నాకు భయం." ఆయన స్కూటరు తాళాలు అందుకున్నాడు. "ప్రియా, పద."

నూకరాజు తన షెడ్డు బయటే, తాళం వేసిన తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టీ బండి దగ్గర నలుగురు అతన్నే చూస్తూ హిందీలో ఏదో అనుకుంటున్నారు. అతను తలెత్తడం లేదు. నిన్నటిదాకా అతని చేతికి బండి తాళాలిచ్చి నిశ్చింతగా పోయినవాళ్ళే వాళ్ళు.

"ముక్క ఎవరు తెచ్చారు?" బాలశౌరి అడిగాడు.

"నానే. రాజేశ్ దుకాణంలోంచి. పెట్టె సీలు గణపతిరావు బాబాయి ముందే సింపినాను."

"పాతది ఏం చేశావు?"

"ఆ పెట్టెలోనే పెట్టి బాబాయి సేతికిచ్చీసినాను. అందరం అంతే గదండీ."

కృష్ణప్రియకు ఈ అలవాటు తెలుసు. వాళ్ళ నాన్న స్కూటరుకు కూడా అలాగే ఇస్తారు. కొత్త ముక్క వేసినట్టు సాక్ష్యంగా, విప్పిన పాత ముక్కను కొత్తదాని పెట్టెలోనే పెట్టి బండివాడి చేతికి ఇస్తారు. బండివాడు దాన్ని ఇంటికి తీసుకుపోయి ఒక మూల పడేస్తాడు. మళ్ళీ ఎవరూ తెరిచి చూడరు.

"నట్టు ఊడకుండా ఏం పెట్టావు?"

"స్ప్లిట్ పిన్ను. ఆడోళ్ళ జడపిన్ను లాగుంటాది గదండీ, అది దూర్చి కొసలు ఇడదీసినాను. కిటికీలోంచి సూడండి, డబ్బాడు ఉన్నాయి."

కృష్ణప్రియ కిటికీ చువ్వల్లోంచి తొంగిచూసింది. బల్ల మీద ఉన్న డబ్బా నిండా పిన్నులే.

"వేశాక వాళ్ళేమైనా అన్నారా?"

"స్టీరింగు బిగుసుగా ఉన్నాదని మనోజ్ ఫోను సేసినాడు. కొత్తది గదా, కొన్నాళ్ళు అలగే ఉంటాదన్నాను." నూకరాజు అరచేతులు చూసుకున్నాడు. "ఒక్క మాట సెప్తాను బాబూ. నాను మంచిదే ఏసినాను. కానీ ఈ రోజుల్లో మంచిదని గుండె మీద సెయ్యేసుకుని ఎలగ సెప్తాను? పెట్టె మీద బొమ్మ అదే, సీలు అదే. లోపలున్నది ఏ ఊరి తుక్కో దేవుడికెరుక. ఇదివరకు ఒక ముక్క ఏత్తే ఆ బండి మళ్ళీ అదే పని మీద రాడానికి ఏళ్ళు పట్టేది. ఇప్పుడు వానాకాలం ఏసింది సలికాలానికి అరుస్తాది. తిట్లు దుకాణం మీదకి పోవు, నా మీదకొస్తాయి."

రాజేశ్ దుకాణం ఆ వరసలోనే ఉంది. అతను భిలాయ్‌లోనే పుట్టిన తెలుగువాడు. బాలశౌరిని చూడగానే కౌంటర్ కింది అర ఒకటి కాలితో మూశాడు.

"తీయ్, ఏముందో చూడాలి," అన్నాడు బాలశౌరి.

"అంకుల్, అందులో ఏమీ లేదు."

"లేనిదాన్ని కాలితో ఎందుకు మూశావు?"

రాజేశ్ నవ్వబోయి మానేశాడు. అర నిండా మడతపెట్టిన ఖాళీ అట్టపెట్టెలు, రంగురంగులవి, ఏ కంపెనీవి కావాలంటే ఆ కంపెనీవి.

"దేఖియే అంకుల్, దాపరికం ఎందుకు? కస్టమర్ వచ్చి అసలుది చెప్పమంటాడు. చెప్తే, ఇంత రేటా అంటాడు. తక్కువలో ఉందా అంటాడు. ఉంది మరి! పెట్టె లేకుండా ఇస్తే తీసుకోడు, పెట్టెలో పెడితే సంతోషంగా పట్టుకెళ్తాడు. నేనేం చేయను?"

"నూకరాజుకు ఇచ్చిందేది?"

"కసమ్‌సే అంకుల్, ఒట్టేసి చెప్తున్నా, అతనికిచ్చింది అసలుదే. అతను కోసి చూస్తాడు, గీరి చూస్తాడు. అతని దగ్గర నా పప్పులు ఉడకవు."

బయటికి వచ్చాక కృష్ణప్రియ, "వీడే సర్," అంది.

"వీడు దొంగే. కానీ మనం వెతికే దొంగ వీడో కాదో బండి చెప్పాలి."

కారు కుమ్హారిలో ఠాణా ఆవరణలో, వేపచెట్టు కింద పడి ఉంది. ముందు భాగం పిండేసిన గుడ్డలా ఉంది. బాలశౌరి రుమాలు పరుచుకుని ఎడమ చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తరవాత ఆమెను పిలిచాడు.

"ఏం కనిపిస్తోందో చెప్పు."

ఆమె వంగి చూసింది. టై రాడ్ చివర గిన్నెలాంటి భాగం ఉంది. అందులో ఇమిడి ఉండాల్సిన గుండు బయటికి ఊడి వచ్చి, చక్రం వైపే ఉండిపోయింది. దాని మీది రబ్బరు టోపీ ఎండిన చింతకాయ తొక్కలా పగిలి పెచ్చులు కట్టింది. గుండు కాడకున్న నట్టుకు అడ్డంగా సన్నటి ఇనప తీగ వేసి ఉంది. రెండు పోగులూ సమంగా పురి తిప్పి, కొసలు లోపలికి మడిచారు.

"సాఫ్ హై సర్, తేలిపోయింది. రాజేశ్ భయ్యా ఇచ్చింది నకిలీ. మూడు వారాలకే రబ్బరు ఇలా అయిపోయిందంటే మరి!"

"మూడు వారాలకే ఇలా అయిందంటే నువ్వు నమ్మేశావు."

"ఎవరైనా నమ్ముతారు సర్. ఈ రోజుల్లో సామానంతా ఇంతే కదా!"

"అవును. ఎవరైనా నమ్ముతారు." ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఫోటోలు తీయి. తీగను బాగా దగ్గరగా తీయి."

సెక్టర్ 7లో గణపతిరావు ఇంటికి చేరేసరికి ఎండ దిగింది. గేటు గొళ్ళెం ఎప్పుడో విరిగినట్టుంది, కొత్తది వేయకుండా తీగతో బిగించారు. చేయి తగిలినా గీరుకోలేదు. పెరట్లో కాయల బరువుకు వంగిన జామకొమ్మను ఒక పైపుకు అదే తీగతో కట్టారు. గణపతిరావు ఉక్కు కర్మాగారం రైల్ మిల్‌లో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో విరిగిన వస్తువు ప్రతిదీ ఆయన చేతి మీదుగా బాగుపడినట్టు కనిపిస్తోంది.

"ఎవరు పంపినారు మిమ్మల్ని? ఆ నూకరాజేనా?" ఆయన గొంతు గట్టిగానే ఉంది గాని కళ్ళు నిద్రలేక గుంటలు పడ్డాయి. "నా కొడుకు కాలు తీసీసినాడు. సొంత పిల్లడని నమ్మితే!"

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది, పాపం," అన్నాడు బాలశౌరి. "ఇంతకు ముందు కూడా అతను వేసిన సామాను పాడయిందా?"

"ఒకటా రెండా? వాటర్ పంపు ఏసినాడు, ఏసంగి దాటలేదు. బేరింగు ఉగాదికి ఏస్తే రథయాత్రకి కూత పెట్టింది. కంపెనీ నుంచి బండితో వచ్చిన ముక్కలు ఏళ్ళ తరబడి పనిచేసినాయండి. ఇప్పుడు కొత్తదంటే చెత్త. సేతిలో పెడితే తెల్సిపోద్ది, బరువే ఉండదు. మేం ఇనుముతో బతికినోళ్ళం బాబూ. మాకు తెల్దా?"

"తెలియకేం! కుమ్హారి వెళ్ళి ఊడిన ముక్కను చూశారా?"

గణపతిరావు చూపు గేటు వైపు మళ్ళింది. "లేదు."

"ఇనుముతో బతికిన మనిషి. కొడుకు కాలు తీసిన ముక్కను చూడాలనిపించలేదా?"

"ఏటుంది సూడ్డానికి? నకిలీది. అంతే."

అప్పుడు ఆయన భార్య గున్నమ్మ టీ తెచ్చింది. పళ్ళెంలో రెండు గ్లాసులు, వాటి పక్కన ఒక చిన్న అట్టపెట్టె.

"అదెందుకే తెచ్చినావు?" గణపతిరావు కసిరాడు. "పాత ముక్కది."

"అడుగుతారేమో అని," అందావిడ. భర్త వైపు చూడలేదు.

బాలశౌరి పెట్టె తెరిచాడు. లోపల రోడ్డు మట్టి అంటిన టై రాడ్ ఎండ్ ఉంది. ఆయన బొటనవేలితో దాని రబ్బరు టోపీని నొక్కాడు. అది మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి లేచింది. ఆయన పెట్టె మూసి, గున్నమ్మనే అడిగాడు.

"దీన్ని నేను తీసుకెళ్ళవచ్చా అమ్మా?"

"పట్టికెళ్ళండి బాబూ," అంది గున్నమ్మ. "ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టట్లేదు."

మర్నాడు ఉదయం అందరూ ఆసుపత్రిలో మనోజ్ గదిలో కలిశారు. అక్కడే కలవాలని పట్టుబట్టింది బాలశౌరి. మంచం మీద మనోజ్, కాలికి చుట్టూ ఇనప చట్రం. తల దగ్గర గున్నమ్మ. కిటికీ పక్కన గణపతిరావు. తలుపు దగ్గర నూకరాజూ సత్యవాణీ, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు గనక అక్కడే ఆగిపోయారు. రాజేశ్ గోడకు అంటుకుని నిలబడ్డాడు. ఠాణా నుంచి వచ్చిన హవల్దారుకు తెలుగు రాదు. అతని పక్కన నిలబడి ఒక్కొక్క మాటా హిందీలో చెప్పడం కృష్ణప్రియ పని.

బాలశౌరి పెట్టెను మంచం పక్కనున్న బల్ల మీద పెట్టాడు.

"కొత్త ముక్క వేసినవాడు స్ప్లిట్ పిన్ను పెట్టానన్నాడు. బండికి పిన్ను లేదు, పురి తిప్పిన తీగ ఉంది. అంటే నూకరాజు తరవాత ఇంకో చేయి ఆ నట్టు విప్పి, మళ్ళీ బిగించింది. ఇది మొదటిది."

కృష్ణప్రియ గొంతు తగ్గించి చెప్పింది. హవల్దారు తల ఊపాడు.

"రెండోది రబ్బరు. బండిలో ఊడిన ముక్క రబ్బరు పెచ్చులు కట్టి ఉంది. మూడు వారాల్లో ఎంత నాసి రబ్బరైనా అలా కాదు. అది ఏళ్ళ ఎండా, ఏళ్ళ దుమ్మూ తిన్న రబ్బరు. ఇప్పుడిది చూడండి." పెట్టె తెరిచి రబ్బరు నొక్కి చూపించాడు. "పాత ముక్క ఉండాల్సిన పెట్టెలో రబ్బరు ఇంకా మెత్తగా ఉంది. కొద్దిరోజుల మట్టి తప్ప దీనికి ఏ దోషమూ లేదు. పెట్టెలో ఉన్నది కొత్తది. బండిలో ఊడింది పాతది."

"హే భగవాన్!" అన్నాడు రాజేశ్.

"ఎవరో కొత్తది విప్పి పాతదాన్ని మళ్ళీ ఎక్కించారు. నూకరాజు ఆ పని చేయలేడు, ఎందుకంటే పాతదాన్ని అతను అప్పుడే ఇచ్చేశాడు. అది ఉన్నది ఒకే ఇంట్లో. ఆ ఇంటి గేటుకు, జామకొమ్మకు ఇదే తీగ, ఇదే పురి, కొసలు ఇలాగే లోపలికి మడిచి ఉన్నాయి. యంత్రాల మధ్య బతికిన ఫిట్టరు అలా మడుస్తాడు, పక్కవాడి చేయి కోసుకోకూడదని."

కృష్ణప్రియ ఆగిపోయింది. హవల్దారు, "ఆగే బోలో," అన్నాడు. ఆమె కిటికీ పక్కనున్న ముసలాయనను ఒకసారి చూసి, మిగతాది చెప్పింది.

గణపతిరావు రెండు చేతులతో కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"డాడీ?" అన్నాడు మనోజ్.

"స్టీరింగు బిగుసుగా ఉన్నాదన్నావు గదరా," గణపతిరావు వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. "నువ్వు పెళ్ళికెళ్ళిన ఆదివారం కిందకి దూరి సూసినాను. అప్పటికే పంపు పోయింది, బేరింగు పోయింది. ఇదీ అంతే అనుకున్నాను. విప్పి సేతిలో పట్టినాను. తేలిగ్గా అనిపించింది. పాతది బరువుగా, గట్టిగా ఉంది, కదిపితే కదల్లేదు. రోజూ రాయపూర్ పోతావు, లారీల మధ్య... మంచిది ఉండాలని ఏసినాన్రా."

"చేతిలో కదలనిది బండి బరువు పడితే కదులుతుంది," అన్నాడు బాలశౌరి. "నూకరాజు దాన్ని మార్చింది అందుకే."

"ఆ రోజు నీ కాలు సూసినాను. తరవాత సెప్దామంటే నోరు రాలేదు."

"నోరు రాలేదు. సరే. తప్పు ఎవరైనా చేస్తారు. మరి ఠాణాలో ఫిర్యాదు చేయడానికి ఏ నోరు వచ్చింది?"

ఆ మాట అనవసరమనిపించింది కృష్ణప్రియకు. దాన్ని హవల్దారుకు చెప్పలేదు. కాని బాలశౌరి ముఖంలో మెత్తదనం ఏమీ లేదు.

"ఈ అబద్ధం ఎందుకు నిలిచిందో తెలుసా?" ఆయన రాజేశ్ వైపు తిరిగాడు. "కొత్త సామాను మూడు వారాల్లో పోయిందంటే ఈ ఊళ్ళో ఎవడూ ఆశ్చర్యపోలేదు. నా దగ్గర పనిచేసే పిల్ల కూడా వెంటనే నమ్మింది. నువ్వు బతికిపోయానని నవ్వకు. నీలాంటివాళ్ళు అరల నిండా ఖాళీ పెట్టెలు దాచబట్టే, ఒక్కసారి అసలుది వచ్చినా ఈయన చేయి దాన్ని నమ్మలేకపోయింది. హవల్దారుగారికి ఆ అర సంగతి కూడా చెప్పు ప్రియా."

రాజేశ్ నేల చూశాడు. ఆమె చెప్పింది.

గున్నమ్మ మెల్లగా లేచింది. "ఆయన కారు కిందకి దూరడం నాను సూసినాను బాబూ. సెప్పలేకపోయినాను. ఇన్నేళ్ళ మొగుడు. అందుకే పెట్టె తెచ్చి పెట్టినాను."

"తెలుసమ్మా. ఈ కేసు తేల్చింది మీరే."

మనోజ్ తల తిప్పి, "డాడీ, ఇటు రండి," అన్నాడు. ముసలాయన రాలేకపోయాడు. గున్నమ్మ చేయి పట్టి తీసుకొచ్చి మంచం పక్కన కూర్చోబెట్టింది. మనోజ్ ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని అలాగే ఉంచాడు.

గణపతిరావు తలుపు వైపు చూశాడు. "నూకరాజూ, నన్ను..."

"క్షమించమని అడక్కండి." ఆ గదిలో నూకరాజు నోరు విప్పడం అదే మొదలు. "నాను ఇప్పుడు సరేనన్నా అది నిజం అవ్వదు. మీరు ఠాణాకి ఎల్లి కాగితం మార్చినా సాలదు. ఠాణాలో నన్నెవులూ దొంగ అన్లేదు. సుపేలాలో అన్నారు. నా షెడ్డు ముందు నిలబడి అక్కడోళ్ళకి సెప్పండి."

"సెప్తాను," అన్నాడు గణపతిరావు.

సాయంత్రం బజారు నిండిన వేళ ఆయన వచ్చాడు. తాళం తీయించాడు. షెడ్డు ముందు నిలబడి, మిల్లులో యంత్రాల చప్పుడు దాటి అరవడానికి అలవాటుపడిన ఆ పాత గొంతుతో హిందీలో మొదలుపెట్టాడు. నూకరాజు తప్పేమీ లేదు, తప్పు నాది, అతను వేసిన మంచి ముక్కను విప్పేసింది నేను, ఆ నింద అతని మీద వేసింది కూడా నేనే. టీ బండి దగ్గర మాటలు ఆగిపోయాయి. సైకిళ్ళు ఆగాయి. వెనక వచ్చినవాళ్ళు "క్యా హువా? క్యా హువా?" అని అడిగారు. ఆయన వాళ్ళకి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఒకడు నవ్వాడు. ఒకడు ఛీ అన్నాడు. గణపతిరావు నవ్వినవాడికీ చెప్పాడు, ఛీ అన్నవాడికీ చెప్పాడు.

కృష్ణప్రియ, బాలశౌరి ఎదురుగా స్కూటరు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"ఇక చాలు కదా సర్," అంది ఆమె.

"అది మనం చెప్పేది కాదు."

షెడ్డు లోపల నూకరాజు పిన్నుల డబ్బా దులుపుతున్నాడు. సత్యవాణి నేల తుడుస్తోంది. బయట ఆటో దిగిన ఇంకో గుంపు, ఏమైందని అడుగుతోంది. ముసలాయన గొంతు బొంగురుపోయింది, షెడ్డు గోడకు ఒక చేయి ఆనించుకున్నాడు. అయినా మళ్ళీ మొదలుపెట్టాడు.

నూకరాజు డబ్బా పక్కన పెట్టాడు. గోడ దగ్గరున్న స్టూలు తీసి, గుడ్డతో ఒకసారి తుడిచి, బయటికి తెచ్చి ఆయన వెనకాల వేశాడు.

"కూకోని సెప్పండి," అన్నాడు.